గొంతుకు సెలవు

నేను ఒక్క మాట గట్టిగా అంటే హోసూరు రోడ్డు మీద పోయే లారీ ఆగి వెనక్కి చూస్తుందని మా లైనులో ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నవ్వుకుంటే నవ్వుకోనీ. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే లైనుకు నేను సూపర్వైజరుని. గంటగంటకూ టార్గెట్. ఈ చివర నిలబడి ఆ చివర కుట్టే పిల్లకు కాలర్ తిరగబడిందని చెప్పాలంటే మధ్యలో అన్ని మిషన్ల మోత దాటాలి. ఆ మోతను మించి అరవగలిగినామె సూపర్వైజరు. నా పదో తరగతి చదువు చూసి ఇచ్చిన పని కాదది, గొంతు చూసి ఇచ్చింది. తొంభైల చివరి సంగతి ఇదంతా.

వినాయక చవితి రోజుల్లో గొంతు బొంగురుపోవడం మొదలైంది. మిరియాల కషాయం తాగాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను, శొంఠి నమిలాను, మళ్ళీ వెళ్ళి అరిచాను. పొద్దున కాస్త బాగుండేది, మధ్యాహ్నానికి పాడయ్యేది. అట్లా కొన్నాళ్ళు లాగాను. ఒక పొద్దున లేచి "పాలొచ్చాయా" అని అడగబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. మా ఆయన వంటింట్లోకి తొంగి చూసి, "ఏంటికి, ఒంట్లో బాగలేదా?" అన్నాడు. నా అరుపు వినబడకపోతే ఒంట్లో బాగలేదని అనుకునే ఇల్లు మాది.

ఆయన నగర్తపేటలో దారాలు అమ్మే హోల్‌సేల్ కొట్టులో పనిచేసేవాడు. సెలవడిగితే యజమాని మొహం మాడ్చుకుంటాడు. అందుకని డాక్టరు దగ్గరికి అప్పుడే కాలేజీలో చేరిన మా అమ్మాయి నాతో వచ్చింది. డాక్టరు నా నాలుకను గుడ్డతో పట్టుకుని ముందుకు లాగి, చిన్న అద్దం గొంతులోకి దించి, "ఈ... అనండి" అన్నాడు. నేను అన్నాననే అనుకున్నాను. ఆయనకు వినబడినట్టు లేదు.

"గొంతు తీగల మీద కాయలు కాచాయమ్మా," అన్నాడు కన్నడంలో. "గడ్డపార పట్టేవాళ్ళ అరచేతులకు కాస్తాయి చూడండి, అట్లాంటివే." నెల రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చేటు. నెల తర్వాత అణిగితే సరే, లేకపోతే ఆపరేషన్ చేయాలి. చేశాక ఏ గొంతు వస్తుందో, ఎంత వస్తుందో తను మాటివ్వలేనని చెప్పేశాడు.

అదెట్లా సార్ అని అడగడానికి నోరు తెరిచాను. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఇప్పుడే కదా చెప్పింది ఆయన," అంది.

వచ్చే దారిలో ఒక పలక, బలపాల డబ్బా కొన్నాను. ఇంత బాగా తెలివి పనిచేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఇంటికి రాగానే కూర్చుని రాశాను, "నాయనకు అన్నం తిన్నాక చెప్దాం, ముందే చెప్తే తినడు" అని. రాసి అమ్మాయికి చూపించాను. అది పలక వంక చూసింది, నా వంక చూసింది.

"అమ్మా, నాకు తెలుగు చదివేది రాదు కదా."

నాకు తెలియని సంగతేం కాదిది. హిందూపురం పక్క పల్లె నుంచి మేం బెంగుళూరు వచ్చినప్పుడు ఇంటికి దగ్గరున్న బడి కన్నడ బడి, అందులోనే వేశాం. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, తెలుగులోనే అలుగుతుంది, తెలుగులోనే నాకు ఎదురు చెబుతుంది. అక్షరం మాత్రం ఒక్కటి రాదు. నేను కన్నడం మాట్లాడతాను, బస్సు బోర్డులు కూడబలుక్కుని చదువుతాను, రాయమంటే రాయలేను. ఇన్నేళ్ళలో అది మాకు ఎప్పుడూ అడ్డం రాలేదు. అవసరం ఏముంది, నోరుండగా?

అది పలక అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఈ గొంతు తిరిగి రాకపోతే నేను కన్న పిల్లకు నేను చెప్పగలిగేది ఏమిటి? అన్నం తిను, ఇటు రా, తలుపు వెయ్యి. చేతులూపి ఇంతే చెప్పగలను. దాని మీద కోపం వస్తే ఎందుకొచ్చిందో చెప్పలేను, ప్రేమ వస్తే అంతకన్నా చెప్పలేను. పెళ్ళయి ఇంకో ఊరు పోతే ఫోనులో ఊ అని కూడా అనలేను. పని పోతుందేమోనన్న భయం దీని తర్వాత వచ్చింది, నిజం చెబుతున్నాను.

పని అంత తొందరగా ఏం పోలేదు. నెల రోజులకని నన్ను చెకింగ్ టేబులు దగ్గర కూర్చోబెట్టారు. కుట్టిన చొక్కాల మీద వేలాడే దారాలు చిన్న కత్తెరతో కత్తిరించి, కుట్లు చూసి, పక్కన పెట్టాలి. నా లైను ఇంకొకామెకు ఇచ్చారు. ఆమె అరుపు అక్కడి దాకా వినబడేది. అంత పెద్ద గొంతేం కాదని తెలిసి సంతోషించాను. ఆ సంతోషం మీద ఒక చొక్కాకు దారంతోపాటు బొత్తం కూడా కత్తిరించాను.

ఇక వఠారం సంగతి. ఒక వాకిలి, రెండు పక్కలా వరసగా ఇళ్ళు, అందరికీ కలిపి ఒక కొళాయి. మా ఇంటి ఓనరమ్మ కూడా అక్కడే మొదటింట్లో ఉండేది. వాళ్ళ తాతల కాలం నుంచీ బెంగుళూరే, తాతల కాలం నుంచీ తెలుగే. అక్షరాలు మాత్రం వాళ్ళకూ కన్నడమే. వఠారమంతా అంతే. తెలుగు వాళ్ళ మధ్య తెలుగులో రాసిన పలక పట్టుకుని తిరిగాను, చదివే దిక్కు లేదు. మా ఆయన ఒక్కడికే చదవడం వచ్చు, ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తాడు.

మొదటిరోజు కొళాయి దగ్గర ఓనరమ్మ నన్ను పలకరించింది. కార్తీకమాసం, తల స్నానం చేసి బొట్టు పెట్టుకుని ఉన్నాను. గొంతు చూపించాను, నోటిమీద చెయ్యి పెట్టుకున్నాను, నెల అని ఒక వేలు చూపించాను. ఇంకా ఏదో అడగబోతే ఇక నన్ను వదిలెయ్ తల్లీ అని దండం పెట్టాను. ఆ దండమే కొంప ముంచింది.

"మౌన వ్రతమా," అంది ఆమె, బిందె కింద పెట్టేసి. "కార్తీకంలో మౌనం కట్టేది అందరి చేతా అయ్యే పనా? అందులో నువ్వు. ఏం హరకె మొక్కుకునుండావమ్మా?"

హరకె అంటే ఇక్కడి వాళ్ళ మాటలో మొక్కు. కాదు కాదని తలూపాను. చేతులూపాను. సాయంత్రానికి వఠారమంతా పాకిపోయింది. మా అమ్మాయిని పంపించాను, అసలు సంగతి చెప్పి రమ్మని. వెళ్ళింది, చెప్పింది, నవ్వు ఆపుకుంటూ తిరిగొచ్చింది. "హరకె బయటికి చెప్పకూడదంట. అందుకే నువ్వు డాక్టరు మాట నా చేత చెప్పించినావంట. ఎంత భక్తి అంటాండాది," అంది. దీనికి వినోదంగా ఉంది. వీపు మీద ఒకటి వేద్దామనుకుంటే అందకుండా పోయింది.

మరుసటిరోజు నుంచి ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఒకామె రెండు అరటిపళ్ళు పెట్టి వెళ్ళింది. ఇంకొకామె తన మనవడి తల మీద చెయ్యి పెట్టమంది. ఇదివరకు కొళాయి దగ్గర నాతో బిందెల వరస కోసం కొట్లాడిన ఇడ్లీబండి ఆమె ఒక సాయంత్రం వచ్చి గడపలో కూర్చుంది. ఆమె తమ్ముడు అన్నదమ్ముల గొడవలో ఇల్లు విడిచిపోయి చాలా రోజులైంది, జాడ లేదు. అదంతా చెప్పుకుంటూ పోయింది. నాకు లోపల మాటలు తన్నుకొస్తున్నాయి. పోలీసులకు చెప్పారా, సేలంలో ఉన్న మీ మేనమామను అడిగారా, అసలు వాటా విషయంలో తప్పు మీ పెద్దన్నది కదా. ఒక్కటీ బయటికి రాదు. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

ఆమె లేచి కొంగుతో మొహం తుడుచుకుని, "నువ్వు మాట్లాడకుండా ఉండేది ఎంత మేలప్పా," అంది. "ఎవురికి చెప్పినా, వాడు ఇంకేడ ఉంటాడులే అంటారు. నువ్వు విని సుమ్మనే ఊరకున్నావు. నాకెందుకో వాడు బాగానే ఉండాడనిపిస్తాది ఇప్పుడు."

వెళ్ళిపోయింది. నాకు మండింది. నేనేమిచ్చానని ఈమెకు ధైర్యం వచ్చింది? నోట మాట రాని దాన్ని, నా భయంతో నేను చస్తుంటే, నా గుమ్మంలో కూర్చుని ధైర్యం తీసుకుని పోతుందా? మరి నాకేది?

నాకు లేదు. నెలలో సగం అయిపోయినా లేదు. నోటికే సెలవు, తలకు లేదు. పొద్దున లేచింది మొదలు లోపల ఒకటే వాగుడు. డాక్టరు ఆపరేషన్ అంటాడు, నేను ఇట్లా అంటాను. మేనేజరు ఇక టేబులు దగ్గరే ఉండమంటాడు, నేను అట్లా అంటాను. మా అత్త కూతురు నా గొంతు పోయిందని తెలిసి ఫోను చేసి అయ్యో అంటుంది, ఆమెను ఎట్లా కడిగేయాలో కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆమె ఫోనూ చేయలేదు, పాపం ఆమెకు సంగతే తెలియదు. బస్సులో నిలబడితే పెదాలు కదులుతున్నాయని పక్కనున్న ఆమె జరిగి నిలబడింది.

ఓనరమ్మ ఒకనాడు చిక్కుడుకాయలు ఒలుస్తూ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. కాసేపు నా మొహం చూసింది. "ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు," అంది. "నోరు కట్టుకునుండావు గానీ, నీ మొగం చూస్తే ఎవురినో తిడతానే ఉండావు. ఇట్లయితే హరకె ఫలం ఎట్లొస్తాది?"

పలక మీద "ఇది వ్రతం కాదు" అని రాసి ఆమె మొహం ముందు పెట్టాను. చదవలేదని తెలిసే పెట్టాను, అంత కోపమొచ్చింది. ఆమె పలకకు దండం పెట్టుకుంది. ఏదో దేవుడి పేరు రాశాననుకుంది.

ఆ పొద్దు ఇంటికెళ్ళి చాలాసేపు ఏడ్చాను. ఏడుపు కూడా శబ్దం రాకుండా ఏడవాలి. మా అమ్మాయి పక్కన కూర్చుని నా వీపు రాసింది. ఎందుకేడుస్తున్నావని అడగలేదు. అడిగినా చెప్పలేనని దానికి తెలుసు. కాసేపయ్యాక తనే మొదలుపెట్టింది, కాలేజీలో లెక్కల క్లాసు అర్థం కావడం లేదని, సైన్సు మాని కామర్సుకు మారదామనుకుంటోందని. నా లోపల వెంటనే జవాబు లేచింది. లేచి, ఎక్కడికి పోవాలో తెలియక నిలబడింది. అది మాట్లాడుతూనే ఉంది. ఎవరు ఏం చెప్పారో, ఏ లెక్చరరు ఏమన్నాడో, రాత్రుళ్ళు భయంతో నిద్ర పట్టడం లేదనీ. ఈ చివరి మాట నేను నోరున్నప్పుడు దాని నోటి నుంచి ఎప్పుడూ వినలేదు. మొదటి మాటకే నేను అందుకుని ఉంటే అక్కడి దాకా వచ్చేదే కాదు.

అప్పుడు నాకు ఒకటి తోచింది. నా తలలో ఈ మోతంతా జవాబులే. ఇంకా ఎవరూ అడగని వాటికి, ఇంకా రాని చెడ్డ కబుర్లకు నేను ముందే కూర్చి పెట్టుకుంటున్న జవాబులు. చెప్పే నోరే లేనప్పుడు ఈ కూర్పంతా ఎందుకు?

తోచినంత మాత్రాన ఆగిపోయిందని అనుకోకండి. అంత సుఖమా? చెకింగ్ టేబులు దగ్గర కూర్చుని, జవాబు లేచినప్పుడల్లా దాన్ని అక్కడే వదిలేసి చేతిలోని చొక్కా చూసేదాన్ని. లేచేది, వదిలేదాన్ని. మళ్ళీ లేచేది. విసుగొచ్చి చస్తే చచ్చిందిలే అని వదిలేస్తే అది ఊరుకునేదీ కాదు. ఒక్కోసారి ఒక చొక్కా మొత్తం అయిపోయేదాకా ఏమీ లేచేది కాదు. అయ్యో ఏమీ లేవలేదే అని అనుకున్న మరుక్షణం డాక్టరు మళ్ళీ ప్రత్యక్షం.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. జనరేటరు వేసేలోపు లైన్లలో ఆడవాళ్ళు ఒళ్ళు విరుచుకుంటూ మాటల్లో పడ్డారు. నేను కిటికీ వెలుతురులో దారాలు కత్తిరిస్తూనే ఉన్నాను. చొక్కా మడత పెట్టి ఇంకొకటి అందుకునేటప్పుడు తెలిసింది, లోపల కూడా మోత లేదని. భయమూ లేదు. గొంతు వస్తుందన్న నమ్మకం కూడా అప్పుడు లేదు. రాదని ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పని మాట ఇంకా జరగలేదు. దానికి నేను ఇన్నాళ్ళూ ఎందుకు కర్మ చేసి దినాలు పెట్టానో అనిపించి నవ్వొచ్చింది. జనరేటరు మొదలైంది, ఎవరో టార్గెట్ అని అరిచారు, నా తలా మొదలైంది. ఉన్నంతసేపు మాత్రం హాయిగా ఉండింది, అబద్ధమెందుకు.

ఆ వారంలోనే ఇడ్లీబండి ఆమె తమ్ముడు సందు చివరి ఎస్టీడీ బూతుకు ఫోను చేశాడు. కోయంబత్తూరులో మిల్లులో చేరాడట. ఆమె పరిగెత్తుకుంటూ వచ్చి నా చేతులు కళ్ళకద్దుకుంది. ఓనరమ్మ వెనకే వచ్చి, "నేను చెప్పలేదా," అని వఠారమంతా వినబడేలా చెప్పి, నా వైపు తిరిగింది. "నెలతో నిలపొద్దమ్మా. మండలం చేసేయ్. మా కోడలికి కూడా ఒక హరకె ఉండాది." వాళ్ళది తప్పని ఒప్పించే ఆశ నేను అప్పటికి వదిలేశాను. ఇడ్లీబండి ఆమె సంతోషం చూసి నాకూ సంతోషమైంది. ఒకరి కబురు మంచిదే అయ్యింది కదా, ఇంకొకరిదీ కావచ్చు. మొహం ముడుచుకుని ఎదురుచూసినా ఆ కబురు అదే రోజుకు వచ్చేది.

డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళే రోజు వచ్చింది. నేర్చుకున్నదంతా బస్సెక్కగానే పోయింది. బస్సు ఆగినచోటల్లా నా గుండె ఆగింది. ఆపరేషన్ అంటే ఎవరు వండుతారు, అసలు ఒప్పుకోవాలా వద్దా, ఇంకో డాక్టరుకు చూపిస్తే. చెమట పట్టిన అరచేతులు చీరకు తుడుచుకుంటూ కూర్చున్నాను. మా అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది. దాని కాలు అదేపనిగా ఊగుతోంది. దాని మోకాలి మీద చెయ్యి వేశాను. కాలు ఆగింది. నాకూ కాస్త ఊపిరి ఆడింది.

మళ్ళీ గుడ్డ, మళ్ళీ అద్దం. డాక్టరు చాలాసేపు చూశాడు. చాలా వరకు అణిగాయన్నాడు, ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. నేను గోడకు ఆనుకున్నాను. "కానీ అమ్మా, మళ్ళీ ఆ అరిచే పని వద్దు. ఆ గొంతు ఇక రాదు. మళ్ళీ అరిస్తే ఈ కాస్తా పోతుంది," అన్నాడు. అంటే లైను పోయినట్టే. నా జీవితమంతా నన్ను నిలబెట్టింది ఆ గొంతు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆపుకోలేదు.

"ఇప్పుడు ఒక్క మాట అనండి, మెల్లిగా. ఒక్కటే. మళ్ళీ రేపు," అన్నాడాయన.

నెలంతా నేను కూర్చి పెట్టుకున్న మాటలు ఎన్నెన్ని. మేనేజరుకు, మా అత్త కూతురికి, ఈ డాక్టరుకు కూడా. ఒక్కటీ గుర్తు రాలేదు. నోరు తెరిచి "పాపా" అన్నాను.

సన్నగా, గరగరమంటూ వచ్చింది. ఎవరిదో గొంతు. మా అమ్మాయి తల తిప్పి తలుపు వైపు చూసింది, ఎవరు పిలిచారా అని. అక్కడ ఎవరూ లేరు. మెల్లిగా నా వైపు తిరిగింది. డాక్టరు చీటీ రాస్తున్నాడు. అది నన్ను చూస్తూ అట్లాగే నిలబడిపోయింది.

బయటికి వచ్చి బస్టాపులో నిలబడ్డాం. అరుపు పోయిందని దిగులు పడుతోందేమో, ఈ గొంతు చూసి భయపడిందేమో అని నేను దాని మొహం వెతుకుతున్నాను. ఉన్నట్టుండి, రోడ్డు వైపే చూస్తూ, "ఇట్ల నువ్వు నన్నెప్పుడూ పిల్చలేదమ్మా," అంది. "ఇంకోసారి పిలువు."

పిలవడానికి లేదు, ఆ రోజు మాట అయిపోయింది. రేపు పిలుస్తానని దానికి చేత్తో చూపించాను.